బిళ్ళకైనా తెలియనీ

పులుసు అడుగంటి పొగ లేచేదాకా ఓక్బున్‌కి తెలియలేదు. పొయ్యి పక్కనే నిలబడి ముల్లంగి తరుగుతోంది, అయినా తెలియలేదు. మొగుడు బ్యోంగ్‌తే ముక్కు మూసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఏమే, ఆ మొహం మీదున్నది ముక్కా, గుండీయా?"

అని తనే నవ్వుకున్నాడు. ఆయన జోకులకి ఇంట్లో ఇంకెవరూ నవ్వరు కాబట్టి ఆ పనీ ఆయనే చేసుకుంటాడు. ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటే.

"వయసొచ్చింది, అంతేలే. ఇవాళ మీ ఫ్యాక్టరీకి గాలి కొలిచేవాళ్ళొస్తున్నారంట, తేగుక్ అన్న చెప్పాడు. అడిగినదానికి ఊఁ అని సంతకం పెట్టు. నీకు ఉద్యోగం ఇప్పించిన మనిషి. నా పరువు తియ్యకు."

బూసాన్‌లోని ఆ బూట్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ఓక్బున్ బూటు అడుగులకి జిగురు పూస్తోంది. ఆమె చోటు జిగురు ఆరబెట్టే పొయ్యి పక్కన, కిటికీ లేని మూల. ఆర్నెల్లకోసారి గాలిలో జిగురు ఆవిరి ఎంతుందో కొలిచే రోజున మాత్రం ఫ్యాక్టరీ పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు తయారవుతుంది. ఏడాదంతా బిగుసుకుపోయి ఉండే కిటికీలు తెరుచుకుంటాయి. జిగురు డబ్బాలు సగం గోడౌన్‌కి పోతాయి, మిగిలిన వాటికి మూతలు పడతాయి. మేస్త్రీ తేగుక్ ఆమెని తెచ్చి కిటికీ పక్కన కూర్చోబెడతాడు. ఇంతమందిలో ఆమెనే ఎందుకంటే, "నువ్వైతే నోరెత్తవు మరదలా" అంటాడు, మెచ్చుకుంటున్నట్టు. ఓక్బున్‌కి అదేం తప్పుగా తోచేది కాదు. నెలకోసారి అత్తగారు వచ్చేముందు తనూ బజార్లో కొనుక్కొచ్చిన కిమ్చీ పచ్చడి డబ్బాని పక్కింట్లో దాచేస్తుంది కదా! పోయిన నెల ఆవిడ ఫ్రిజ్‌లోంచి ఒక చేప ముక్క తీసి, మొహం చిట్లించి, "కుళ్ళిపోయిందే ఇది, వాసన చూసుకోలేదూ?" అంటే, "చూశానత్తయ్యా" అంది. రెండు చలికాలాలుగా తనకి ఏ వాసనా తెలియడం లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఒక్క డాక్టరుకే చెప్పింది. ఆయన ఫ్యాక్టరీ గాలి రిపోర్టులు తెమ్మన్నాడు. పదకొండేళ్ళవీ తీసుకెళ్ళింది. అన్నిట్లోనూ గాలి బాగుంది, అన్నిటి కిందా తన సంతకమే ఉంది. "గాలి బాగానే ఉందిగా, వయసువల్ల అయ్యుంటుంది" అన్నాడు డాక్టరు. తన నోటికి తనే పదకొండేళ్ళపాటు మూత బిగించుకుంటూ వచ్చిందన్నమాట.

కొలవడానికి వచ్చినది ఒక చిన్నపిల్ల. నాణెంకంటే కాస్త పెద్ద బిళ్ళొకటి మూత తీసి ఓక్బున్ కాలరుకి తగిలించింది.

"ఆరు గంటలు తియ్యకండమ్మా. మీరు పీల్చే గాలిని ఇదీ పీలుస్తుంది." తరవాత కాగితం చూసి చదివింది. "రోజూ మీరు కూర్చునేది ఇక్కడేనా?"

"ఇక్కడే, ఇక్కడే" అన్నాడు వెనకనుంచి తేగుక్. "మా మరదలు బంగారం. కూర్చున్న చోటినుంచి కదలదు."

ఆ పిల్ల పెన్ను అందించబోతూ కిటికీ వైపు తిరిగింది. "అబ్బ! సముద్రం వాసన. ఎంత బావుందమ్మా మీకిక్కడ!"

ఓక్బున్ గాలి పీల్చింది. గుండెలనిండా ఇంకోసారి పీల్చింది. చల్లగా ఉంది, అంతే. ఆ సముద్రం ఒడ్డునే పుట్టింది తను.

"కాదమ్మా" అంది.

"ఏంటి?"

"నేనిక్కడ కూర్చునేది ఏడాదికి రెండే రోజులు."

లేచి, స్టూలు చంకన పెట్టుకుని పొయ్యి మూలకి నడిచింది. బ్యోంగ్‌తే మొహం గుర్తొచ్చినా ఆగలేదు. తేగుక్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"మరదలా! మీ ఆయనకి నేనేం చెప్పాలి?"

ఓక్బున్ తన చోటులో స్టూలు వేసుకుని కూర్చుంది. కాలరు మీది బిళ్ళని సరిచేసుకుంది.

"ఆ డబ్బాల మూతలు తీయించండి బావగారూ. నాకెలాగూ తెలియదు, దీనికైనా వాసన తెలియనీండి."