ఉప్పు వంతు

కొత్త సంవత్సరం తొలి పొద్దున ఆ ఇంట్లో గింజల సూపు కాస్తారు. ఇంటిల్లిపాదీ పెద్ద నుంచి చిన్న దాకా వరసగా వచ్చి, తలా ఒక చిటికెడు ఉప్పు వేస్తారు. ముందుగా ఎవరూ రుచి చూడకూడదు. ఎలా కుదిరినా వంక పెట్టకుండా గిన్నె ఖాళీ చేసి తీరాలి. ఎవరి చిటికెడు పడుతుందో వాళ్లే ఆ ఇంటి మనుషులు, అంతే.

ఈ ఏడు మొండి ఉప్పు వేయడానికి వీల్లేదని పెద్దమ్మ తేల్చేసింది. మొండి అంటే ఆ ఇంటి ఆడపిల్లే. లిఫ్టులు బాగుచేసే పని. మొగుడు చెయ్యెత్తిన రోజునే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పుట్టింటికి వచ్చేసింది. అటూ కానిదానికి, ఇటూ కానిదానికి ఉప్పు వేసే హక్కెక్కడిదని పెద్దమ్మ వాదన. పెద్దమ్మంటే నాన్నకి అన్నగారి భార్య, వంటింటి పెత్తనమంతా ఆవిడదే. నాన్న నేలచూపులు చూశాడు. అమ్మ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తమ్ముడు ఫోనులో తల దూర్చాడు.

మొండికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరూ చూడకుండా వేసి రావడం ఆమెకి క్షణం పని. కానీ చాటుగా వేయడానికి తనేమైనా దొంగా? వేస్తే ఎదురుగా వేయాలి, లేకపోతే లేదు. వాకిట్లోకి పోయి, బాగానే ఉన్న తలుపు బందులు ఊడదీసి మళ్లీ బిగించింది.

ఉప్పు వరస ముగిశాక బల్ల దగ్గర అందరూ మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఓరి దేవుడా, అది సూపా, సముద్రమా! తమ్ముడికి కళ్లనీళ్లు తిరిగాయి. నాన్న మింగలేక కక్కలేక కిటికీ వైపు తిరిగాడు. వంక పెట్టకూడదు మరి.

"ఎవరు రెండోసారి వేశారు?" అంది మొండి.

ముందు అమ్మ దొరికిపోయింది. నీ వంతు నేను వేశానే అని గొణిగింది. నాన్నా అదే పని చేశాడట, పిల్లకి తక్కువ చేయకూడదని చిటికెడు కాస్తా గుప్పెడయిందట. తమ్ముడికైతే గుప్పెడు కూడా ఆనలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురికి ముగ్గురూ.

ప్రేమే, కాదని ఎవరన్నారు? కానీ ఆ ప్రేమకి పెద్దమ్మ ముందు నోరు పెగల్లేదు కదా, అందుకే మొండికి ఒళ్లు మండింది. లేచి సూపంతా తూములో పారబోసింది. ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని అది. నానబెట్టి మిగిలిన గింజలు తీసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"నా ఉప్పు నా చేత్తోనే పడాలి. చాటుగా మీరెవరూ వేయక్కర్లేదు."

గింజలు ఉడికేదాకా ఎవరూ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. ఉడికాక పెద్దా చిన్నా వరస చూడకుండా మొండే ముందు తన చిటికెడు వేసింది. తర్వాత అమ్మ లేచి, పెద్దమ్మ ఎదురుగానే, తన చిటికెడు వేసింది. ఆ వెనక నాన్న, తమ్ముడు.

మొండి ఉప్పు జాడీ తీసుకెళ్లి పెద్దమ్మ ముందు పెట్టింది.

"నువ్వూ ఈ ఇంటి మనిషివే అయితే వెయ్యి, పెద్దమ్మా."

పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, జాడీ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.