విప్పని అంచు మడత

అక్కలూ, చెల్లెళ్ళూ, వినపడుతోందా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. మగవాళ్ళు మాత్రం పని ఆపి వినండి.

ఇంట్లోనే మిషను పెట్టుకుని వీధివాళ్ళందరికీ బట్టలు కుట్టే మనిషి ఆమె. ఆ రోజు కూతురి స్కూలు గౌనుకి బొత్తాం ఊడితే ఒళ్ళో వేసుకుంది. అంచు తిరగేసి చూసి చెయ్యి ఆపేసింది. పిల్ల పెరిగేకొద్దీ విప్పుదామని ఎనిమిదో ఏట నాలుగు వేళ్ళ మడత పెట్టి కుట్టింది. ఇప్పుడు పదకొండు నిండాయి. ఆ మడత అలాగే ఉంది. వీధిలో పిల్లలందరి కొలతలూ నోటికి వచ్చిన మనిషికి సొంత కూతురి కొలత తెలియదా అంటే, తెలుసు. ఒకటి రెండుసార్లు అడిగి చూసింది కూడా. "మీ పుట్టింటివాళ్ళంతా బుడంకాయలేగా, ఇదెక్కణ్ణుంచి పొడుగవుతుంది?" అన్నారు అత్తగారు. పెద్దమనిషైతే అదే సాగుతుందిలే అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆమె నవ్వి ఊరుకుంది. 

మర్నాడే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆడపిల్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండాలి, పాపకి ఒకటే ఉంది, దీన్ని టర్నర్ సిండ్రోమ్ అంటారు. వంశంలోంచి రాలేదు, ఎవరి తప్పూ కాదు, బిడ్డ ఏర్పడేటప్పుడు అలా జరిగిపోయింది. గ్రోత్ హార్మోన్ మందుని పెన్నులాంటి సూదితో రోజూ పొడవాలి, ఆ పెన్నుని ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎముకల చివర్లు మూసుకుపోతే ఇక ఆ మందుకి పనుండదు. "ఇంకాస్త ముందు తేవాల్సిందమ్మా" అంది చివర్లో, మెల్లిగానే.

రోజూ సాయంత్రం సూది పొడిచేది ఆమే, తేదీ రాసుకునేదీ ఆమే. పిల్ల ఏడుస్తుంటే చూడలేనంటూ భర్త వరండాలోకి వెళ్ళేవాడు. మూడో నెలలో ఆడపడుచు చుట్టపుచూపుగా వచ్చింది. ఫ్రిజ్ తెరిస్తే ఆ పెన్ను కనపడుతుందే, రేపు పిల్లకి సంబంధాలెలా వస్తాయని అత్తగారు చెవిలో గొణిగారు. కంగారులో పెన్ను తీసి పైన ఐసు గడ్డకట్టే అరలోకి తోసింది ఆమె. అవును, తన చేత్తోనే. ఆడపడుచు వెళ్ళాక చూస్తే మందు గడ్డకట్టింది. గడ్డకట్టింది పనికిరాదు, పారెయ్యమన్నారు ఆసుపత్రివాళ్ళు. కొత్తది వచ్చేదాకా తొమ్మిది రోజులు ఖాళీ. పోయిన మూడేళ్ళ పక్కన ఇంకో తొమ్మిది రోజులు.

పదో రోజు కొత్త పెన్ను చేతికిస్తూ కూతురు అడిగింది. "అమ్మా, ఆ రోజు దాచింది మందునా, నన్నా?"

ఆమె సూది పొడిచి, తేదీ రాసుకుంది.

ఆదివారం ఆడపడుచు మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్ల తల్లి ఫ్రిజ్‌లో ముందు అరలోంచే పెన్ను తీసి, హాల్లో అందరి మధ్యా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. అత్తగారు కళ్ళతో వారించారు. "పాప ఎదగడానికి మందు వదినా, రోజూ ఇదే టైముకి" అని, వరండాలోకి లేవబోతున్న భర్త చేతిలో పెన్ను పెట్టింది. "ఇవాళ మీరు. నేను పక్కనే ఉంటాను."

అతను సూది పొడిచాడు. పిల్ల ఏడవలేదు.

ఎవరింట్లోనైనా ఆడపిల్ల గౌను మడత విప్పే అవసరం రాకుండా ఏళ్ళు గడుస్తుంటే, ఈ కథ వాళ్ళకి పంపండి. ఈ రోజే పంపండి.