గోనెసంచి కుడి సగం

ఉదయం ఐదూ పదికి ఆసుపత్రి లాండ్రీ బాయిలర్ ఆపరేటర్ మోకాళ్ళ మీద నుంచి లేవబోయి రెండుసార్లు కూలబడ్డాడు. మూడోసారి గోడ పట్టుకుని లేచాడు.

భార్య పొయ్యి దగ్గర నుంచి చూసింది. ఆమెదీ అదే లాండ్రీ. చిరిగిన దుప్పట్లు కుట్టే పని.

"ఏమైంది?"

"గ్యాసే."

"గ్యాసుకి ఇంత చెమట పడుతుందా?"

అతను జపమాల జేబులో వేసుకుని చొక్కా తొడుక్కున్నాడు.

ఇరవై మూడేళ్ళుగా రోజూ ఇదే వేళకు వంటగది మూల గోనెసంచి పొడుగ్గా పరిచి, దాని ఎడమ సగం మీద మోకరిల్లి జపమాల చెప్పేవాడు. జపమాల ఇద్దరుంటే చెరి సగం చెప్పుకునేది. ఒకరు మరియమ్మకు వందనం చెబితే, రెండోవారు ప్రార్థించమని అడుగుతారు. అతను మొదటి సగం చెప్పి, కాసేపు ఆగి, రెండోదీ తనే చెప్పేవాడు. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. అతను అలా ఆగడం చూస్తే మాత్రం ఒళ్ళు మంట.

"ఆ ఖాళీ ఎవరికి అట్టేపెడుతున్నావయ్యా?" అని పెళ్ళయిన కొత్తలో అడిగింది.

"ఊపిరి పీల్చుకుంటున్నానే."

అతను ఆమెను చర్చికి రమ్మని ఏనాడూ అడగలేదు. ఆమె తల్లి రెండేళ్ళు మంచాన పడి ఉంటే పక్కగుడ్డలు అతనే ఉతికాడు. ఆమె చేసింది ఒకటే. సంచి ఎడమవైపు అరిగి చిరిగినప్పుడల్లా సణుగుతూ అతుకు వేసేది. ఇప్పటికి మూడు పడ్డాయి.

ఏడింటికి లాండ్రీలో అతను బాయిలర్ బర్నర్ వెలిగించాడు. ఆమె కుట్టుమిషన్ ముందున్న కిటికీలోంచి బాయిలర్ గది కనబడుతుంది. పదింటికి ఆమె మిషన్ ఆపి వెళ్ళింది.

"డాక్టరు ఎదుటి భవనంలోనే ఉన్నాడు. నడు."

"రెండింటికి డ్యూటీ మారేవాడు వస్తాడు. అప్పుడు వస్తా."

"అప్పటిదాకా?"

"ఆపితే ఆపరేషన్ గుడ్డలు ఆగిపోతాయి. ఇలాగే వదిలేసి వస్తే పేలొచ్చు. గోడవతల పద్నాలుగు మంది ఇస్త్రీ చేస్తున్నారు."

"నీ ప్రాణం కంటే ఎక్కువా ఈ గంగాళం?"

"గంగాళం కాదే. వాళ్ళు."

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. కుట్టిన దుప్పటే మళ్ళీ కుట్టింది. సూది రెండుసార్లు విరిగింది.

ఒంటిగంటా నలభై ఎనిమిదికి తల ఎత్తింది. అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీలో అతను కూర్చోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. "డాక్టర్ని పిలవండి!" అని ఇస్త్రీ గదిలోకి అరిచి పరుగెత్తింది.

బర్నర్ అప్పటికే ఆపేశాడు. ఆవిరి వదిలే వాల్వు తెరిచి ఉంది. ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు నాలుగు మీద ఉంది. అతని చూపు దాని మీదే ఉంది.

"సున్నాకి రావాలి," అన్నాడు.

"వస్తుందిలే. నువ్వు మాట్లాడకు."

అతను జపమాల తీశాడు. మొదటి సగం చెప్పాడు. ఆగాడు. రెండో సగానికి పెదాలు కదిలాయి గాని గొంతు రాలేదు. ముల్లు మూడు.

ఆమె అందుకుంది. ఇరవై మూడేళ్ళు విన్న మాటలు, తడుముకోలేదు. "ఇప్పుడును" దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాతి మాట ఆమెకు తెలుసు. అతను తొందరపెట్టలేదు. రోజూ ఆగినట్టే ఆగాడు. ముల్లు ఒకటి.

"మా మరణ సమయమందును," అంది. మిగతాది కూడా చెప్పింది.

"ఇంకోటి చెబుదామా?" అన్నాడు అతను.

డాక్టరు రెండింటికి నాలుగు నిమిషాలుండగా వచ్చాడు. ముల్లు సున్నా మీద ఉంది. అతనికి నాడి లేదు.

ఖననం అయిన మర్నాడు ఉదయం ఐదింటికి ఆమె సంచి పరిచి కుడి సగం మీద మోకరిల్లింది. మొదటి సగం చెప్పి, కాసేపు ఆగి, రెండోది చెప్పింది. మరుసటి ఏడు జ్ఞానస్నానం తీసుకుంది.

సంచి ఆ వంటగది మూలే ఉంది. ఎడమవైపు మూడు అతుకులు. కుడివైపు ఒకటి.