పసుపు తొట్టి ముట్టని చేతులు

పెద్దకోడలు సంచి సర్దుతోంది. రెండు మెత్తని చీరలు, బిడ్డను చుట్టడానికి పాత దుప్పటి గుడ్డలు, దువ్వెన, గ్లాసు. సంచి తోటికోడలిది. కాన్పుకు ఇంకా గడువుంది. కానీ పొద్దుటినుంచి ఒకటే వాంతులు, డొక్కలో నొప్పి. మరిది ఆటో కోసం పరుగెత్తాడు.

"నా కాన్పులకి నేనే సర్దుకున్నా, నేనే మోసుకున్నా," అంది పెద్దకోడలు, సంచికి చెబుతున్నట్టు. అత్తగారు చిన్నకోడలి వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ ఇంటివాళ్లది నూలుకు రంగులద్దే పని. పెద్దకోడలు ఇద్దరు పిల్లల్ని కన్నది. రెండుసార్లూ నొప్పులు వచ్చింది వేడి రంగు తొట్టి దగ్గరే. అదే చిన్నకోడలు నెల తప్పగానే అత్తగారు పీట వేసి కూర్చోబెట్టి, తెల్లనూలు చిక్కుతీసే పని ఇచ్చింది. ఆ పీట పెద్దకోడలి కంట్లో నలుసైంది. తోటికోడలు ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు లేచింది, అన్నీ ఆమెకు కావాలి.

ఎనిమిదో నెలలో చిన్నదానికి అరచేతులు, అరికాళ్లు దురద మొదలైంది.

"రాత్రంతా నిద్ర లేదక్కా. నన్ను తిడితే తిట్టావుగానీ కాస్త వీపు గోకు."

"మహారాణిగారికి గోకడానికి దాసీని పెట్టించమను మీ ఆయన్ని!"

చిన్నది నవ్వేసింది. ఆ నవ్వూ గిట్టలేదు పెద్దదానికి.

తర్వాత చిన్నదాని ఒళ్లు పచ్చబడింది. చూపు ఆనని అత్తగారు కూడా ఆ అరచేతులు ఎండలో పట్టుకు చూసి, "ఆసుపత్రికి తీసుకెళదామే," అంది.

తనను ఏనాడైనా ఆటో ఎక్కించారా? పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. "ఆసుపత్రెందుకత్తయ్యా? రంగది. మీరు చూడనప్పుడు పసుపు తొట్టిలో చేతులు పెడుతోంది."

"లేదక్కా, నేను ముట్టనే లేదు!"

"అయితే సబ్బుతో రుద్దుకో, పోతుంది."

అత్తగారు చిన్నదాన్నే కోప్పడింది. ఆసుపత్రి మాట అక్కడితో ఆగిపోయింది.

ఇవాళ ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి చూసింది. "ఈ పచ్చదనం ఎన్నాళ్లుగా ఉంది?"

"మాది రంగుల పనండీ, రంగే అనుకున్నాం," అన్నాడు మరిది.

"కళ్లలో కూడా రంగు పడిందా నాయనా?"

పెద్దకోడలు ఒళ్లో ఉన్న సంచి పక్కన పెట్టి లేచింది. "రంగు కాదమ్మా. అది తెల్లనూలు తప్ప ఏదీ ముట్టలేదు. నాకు తెలుసు. నేను రోజూ దాన్నే చూస్తూ కూర్చున్నా."

డాక్టరమ్మ తిట్టలేదు. "కాలేయం బాగా దెబ్బతింది. రక్తం గడ్డకట్టడం లేదు. బిడ్డను వెంటనే తీయాలి. దురద మొదలైనప్పుడే రక్తపరీక్ష చేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. గర్భిణికి అరచేతులు, అరికాళ్లు దురద పెట్టినా, కళ్లు పచ్చబడినా, నెలలు నిండే ముందు వాంతులూ డొక్కనొప్పీ వచ్చినా గారాలనుకోకండి. ఆ రోజే తీసుకురండి," అంది.

చదివే తల్లులారా, ఆ ఇంట్లో జబ్బును అందరికంటే ముందు చూసిన కళ్లు పెద్దకోడలివే. అసూయ అన్నీ చూస్తుంది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పనివ్వదు.

శనివారం ఆ దుప్పటి గుడ్డల్లో చుట్టిన ఆడపిల్లను పెద్దకోడలే ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. సంచీ వచ్చింది, అందులో రెండు చీరలూ మడత విప్పకుండా ఉన్నాయి. చిన్నకోడలు రాలేదు. గురువారం మధ్యాహ్నం ఆసుపత్రిలోనే చనిపోయింది.