కవెంట్రీకి పంపిన మనిషి

సిరిల్ పెగ్రమ్ తడిగుడ్డతో తన పనిబల్ల తుడుస్తున్నాడు. మళ్ళీ రాశారు సుద్దముక్కతో, 'స్కాబ్' అని, అదీ ఒక అక్షరం తప్పుగా. పుండు మీద కట్టే పక్కు అని అర్థం. సమ్మె కాదని పనికి వెళ్ళినవాడికి ఆ పేరు పెడతారు. రాసేదేదో తప్పుల్లేకుండా రాసి చావొచ్చు కదా అని అతనికి ఒళ్ళు మండింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. గోళ్ళ సందుల్లో ఇత్తడి పొడి ఇంకిపోయింది, కనుబొమలు కూడా పచ్చబడ్డాయి. విల్లెన్‌హాల్‌లో ఒక తాళాల ఫ్యాక్టరీలో, మెరుగుపెట్టే చక్రం ముందే అతని బతుకంతా గడిచింది.

టీ విరామం తగ్గించారని ఆ వసంతంలో అందరూ సమ్మె కట్టారు. "గుక్కెడు టీ కోసం గేటు బయట వానలో నిలబడను" అంటూ ఇతనొక్కడే లోపలికి వెళ్ళాడు. సమ్మె ముగిసి అందరూ పనిలోకి వచ్చినా, అప్పటినుంచి అతన్ని ఎవరూ పలకరించరు. పక్క చక్రం దగ్గరి లెన్ యార్నల్డ్ కూడా. సిరిల్ చెల్లెలు హిల్డా మొగుడే ఈ లెన్.

"ఎవరికో చెప్పండయ్యా, వాళ్ళ చక్రం బెల్టు జారుతోందని," అన్నాడు లెన్ గోడకేసి చూస్తూ.

"ఆ ఎవరో ఇక్కడే ఏడ్చాడు! చెవులు కూడా ఉన్నాయి!" అన్నాడు సిరిల్.

లెన్ తన చక్రం వైపు తిరిగిపోయాడు.

మధ్యాహ్నం సిరిల్ ఒక చెక్కపెట్టె మీద ఒంటరిగా కూర్చుని రొట్టె, జున్ను, పచ్చి ఉల్లిపాయ తింటున్నాడు.

"మాట్లాడకపోవడాన్ని కవెంట్రీకి పంపడం అంటారేంటి?" అని అవతలి గుంపులో ఎవరో అడిగారు.

యూనియన్ నాయకుడు ట్రాంటర్ గొంతు సవరించుకున్నాడు. "వెనకటి అంతర్యుద్ధంలో పట్టుబడ్డ రాజుగారి సైనికుల్ని ఆ ఊరి జైల్లో పెట్టారంట. ఊళ్ళో ఒక్కరూ వాళ్ళతో పలకలేదంట."

సిరిల్ ఇక ఆగలేకపోయాడు. "నేను పుట్టింది ఆ ఊళ్ళోనే! మా అమ్మ నోరు మూసిన రోజు నేనెరగను. నిద్రలో కూడా వాగేది. ఆ సైనికుల్ని మా ఇంట్లో ఉంచితే, మమ్మల్ని జైలుకే పంపండి బాబోయ్ అని ఏడ్చేవాళ్ళు!"

ఎవరో కిసుక్కుమన్నారు. లెన్‌కి రొట్టె గొంతుకి అడ్డుపడి దగ్గొచ్చింది. ట్రాంటర్ ఉరిమి చూసేసరికి అందరూ తలలు వంచుకున్నారు.

సాయంత్రమవుతుండగా లెన్ చక్రం వట్టినే తిరుగుతున్న చప్పుడు వినిపించింది. సిరిల్ తిరిగి చూస్తే, అతను బల్లకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. సిరిల్ మోకాళ్ళ మీద కూలబడి అతని కాలరు వదులు చేశాడు.

"పలకరా లెన్. ఏదో ఒకటి అనరా. పోనీ తిట్టు!"

లెన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పలకలేదు. డాక్టరు వచ్చేలోపే ఆ పట్టు వదులైపోయింది.

అప్పుడు అందరికీ మాటలొచ్చాయి. "సిరిల్, కాసిని నీళ్ళు తాగు." "సిరిల్, ఇలా కూర్చో." ట్రాంటర్ టోపీ తీసి చేత్తో నలుపుతూ, "హిల్డాకి నువ్వే చెప్పాలి, సిరిల్," అన్నాడు.

"ఇప్పుడొచ్చాయా మీకు నోళ్ళు!"

చెల్లెలింటికి వెళ్ళాలని కోటు అందుకుంటూ సిరిల్ బల్లకేసి చూశాడు. రెండు చక్రాల మధ్య, లెన్ కోసుకున్న యాపిల్‌లో సగం సిరిల్ వైపుకి జరిపి పెట్టి ఉంది. కోసిన వైపు అప్పటికే రంగు మారింది, దాని మీద ఇత్తడి పొడి సన్నగా పడుతోంది.