పిల్ల తరపువాళ్లనుకుంది

సైరన్ కూసింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మందు పేల్చే ముందు రోజూ కూసేదే. కనకవ్వ అరమీది గిన్నెలు గబగబా కిందికి దించింది. ఆమె మొగుడు సదయ్య తన వీడియో కెమెరాను ఒళ్లో పెట్టుకుని గోడకు ఎడంగా కూర్చున్నాడు. ఇల్లు ఒక్కసారి అదిరింది. బీటల్లోంచి సున్నం రాలి అతని నెరిసిన మీసాల మీద పడింది. కెమెరా మీద పడలేదు కదా అని చూసుకుని, పాత చీరముక్కతో అద్దం తుడిచాడు.

గోదావరిఖనిలో పెళ్లి వీడియోలు తీసి బతికిన మనిషి. పోయినేడు బుద్ధి పుట్టి, ఈ బీటలిళ్ల మీద అరగంట సినిమా తీశాడు. చివర్లో ఓ యూనియన్ పాటగాడి శవయాత్ర, ఎర్రజెండాలు. ఇంకేముంది, సదయ్యకు అడవిలోని అన్నలతో సంబంధాలున్నాయని ఊరంతా గుసగుస. స్టేషన్‌కు పిలిచి ఒక పూట కూర్చోబెట్టి పంపారు. ఆ తర్వాత ఒక్క పెళ్లికీ పిలుపు లేదు. మొహమ్మీద ఎవరూ ఏమీ అనరు. "వేరేటోళ్లకు చెప్పినం కాకా" అంటారు, అంతే.

ఆ సినిమా తాను ఎవరికీ చూపించనే లేదు. మరి పోలీసులకు ఎవరు చెప్పినట్టు? చాయ్ కొట్టు ముత్యం తనను చూసి ఫోన్ పెట్టేస్తే అనుమానం. ఎడిటింగ్ చేసిపెట్టిన స్టూడియో కిషన్ నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

సాయంత్రం ఆ కిషనే వచ్చాడు.

"ఏటి అవతల జైపూర్ల ఓ కంట్రాక్టర్ కాడ వాచ్‌మన్ పని ఉన్నది సదన్నా. కెమెరా గిట్ల తేవద్దన్నడు. సినిమా తీసింది నువ్వు గాదని చెప్పిన. నువ్వు గూడ గదే చెప్పాలె."

"స్టేషన్ల నా పేరు చెప్పింది నువ్వేనా?"

కిషన్ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"ఆ పిల్లగాన్ని అనకు. నేనే చూపిచ్చిన" అంది కనకవ్వ తలొంచుకుని. "నిన్ను స్టేషన్‌కు పిలిచే ముంగట ఇద్దరొచ్చిండ్రు, మంచిగ బట్టలేసుకొని. పిల్ల తరపోళ్లనుకున్న. నీ పనితనం చూస్తమన్నరు. అన్నిట్ల మంచిది గదేనని, చాయ్ పోసి టీవీల గదే పెట్టిన."

కోపం రావాలి. రాలేదు.

"మంచిగున్నదన్నరా?"

"కండ్లార్పకుంట చూసిండ్రు."

తెల్లారి సదయ్య కిషన్ ఇంటికి వెళ్లి, చెయ్యి పట్టుకుని, ఒప్పుకున్నానని చెప్పి వచ్చాడు. సంచీ సర్దుకున్నాడు.

"అడిగితే ఏమంటవ్?" అంది కనకవ్వ గుమ్మంలో.

"తీసింది నేను గాదని చెప్త."

వెనక్కి చూడకుండా బస్సు వైపు నడిచాడు.

మధ్యాహ్నం సైరన్ కూసింది. ఇల్లు అదిరింది. దించని గిన్నెలు అరమీదే గలగలలాడాయి. కనకవ్వ ఒళ్లో, పాత చీరముక్క కింద, కెమెరా ఉంది.