వెనక్కి కట్టుకున్న చేతులు

హనుమంతు జిరాక్సు దుకాణంలో అంబదాస్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. హనుమంతు మౌసు కుడి మీట నొక్కుతున్నాడు, తెర మీద వచ్చిన పట్టీలో వెతుకుతున్నాడు, దొరక్క మళ్లీ నొక్కుతున్నాడు.

"రిఫ్రెష్ లేదే అన్నా. పొద్దుగాల దుకాణం తెరవంగనె నాలుగుసార్లు రిఫ్రెష్ కొట్టాలె. వాకిట్ల సాంపి జల్లకుంట ముగ్గేస్తరా ఎవలన్న?"

అంబదాస్ నవ్వలేదు. పాత విండోస్ వదిలి లినక్స్‌కు మారినవాళ్లలో సగం మంది మొదటివారం ఇదే అడిగారు. ఫైళ్లున్న కిటికీ తెరిపించి, పైవరుసలో ఎఫ్-అయిదు మీట ఎక్కడుందో కళ్లతోనే చూపించాడు.

"గది కొట్టుకో. నీ సాంపి నీకుంటది."

"కొట్టకుంటె ఇది అలువదా మరి?"

"నువ్వు అలిసినంక అలుస్తది."

హనుమంతు ఎఫ్-అయిదు మీటను నాలుగుసార్లు నొక్కాడు. తెర మీద ఏమీ మారలేదు. అయినా అతని భుజాలు కిందికి దిగాయి. అంబదాస్ బయటికి వచ్చి మోపెడ్ ఎక్కాడు.

సిరిసిల్లలో అతన్ని చాలామంది పేరుతో కాక 'చేతులు కట్టుకునే ఆయన' అనే గుర్తుపడతారు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు. ఎడమ చూపుడువేలి కొస లేదు, మరమగ్గం బెల్టు తీసుకుపోయింది. పద్నాలుగో ఏట భివండి పోయి, మరమగ్గాల మధ్య పడుకుని, ఆ సాంచాలను బాగుచేసే జాపరయ్యాడు. పని నేర్పిన మరాఠీ ముసలాయన ఒకే నియమం పెట్టాడు: చెడిన సాంచా మీద నువ్వు ముందుగా చేయి వేయకు. నడిపేవాడితోనే నడిపించి చూడు, నడిపేవాడితోనే సరిచేయించు. నువ్వు చేయి పెడితే అది నీకు లొంగుతుంది, రోజంతా దాని ముందు నిలబడేవాడికి కాదు. చేతులు ఊరుకోవు కాబట్టి వెనక్కి కట్టుకో.

భివండిలోనూ, తిరిగి వచ్చాక సిరిసిల్లలోనూ ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి. ఊపిరితిత్తుల్లోకి దూది చేరింది. షెడ్డు మొహం చూడొద్దని డాక్టరు అన్నప్పుడు అతనికి వేరే పని రాదు. పాతసామాన్ల కొట్టులో ఒక కంప్యూటరు కొని, లినక్స్ ఎక్కించి, రెండేళ్లు దానితో కుస్తీ పట్టాడు. పాత విండోస్‌కు ఇక మరమ్మతులు రావని తెలిశాక ఊళ్లో పాత పెట్టెలున్నవాళ్లంతా అతని దగ్గరికి వచ్చారు. ఎక్కించడం ఒక పూట పని. ఆ తర్వాతే అసలు పని మొదలయ్యేది. ప్రింటరు కదలదు, పాటలు కనబడవు, సి డ్రైవు ఎటు పోయిందని కంగారు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి భార్య శంకరవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒడిలో చేట, చేటలో తునికాకు. వేళ్లు ఆగకుండానే మాట మొదలుపెట్టింది.

"ఊరందరి డబ్బలు మంచిగ జేస్తవ్. మనింట్ల పంక తిరుగక పదిదినాలాయె."

అతను రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపాడు. ఛాతీలో మంటగా ఉందన్నాడు. జర సేపు ఒరుగమని ఆమె అంటుండగానే ఫోను మోగింది. నేత సంఘం ఆఫీసులో కంప్యూటరు పని చేసే మమతారాణి. ఏమైందో చెప్పలేదు, ఒక్కసారి వచ్చి పొమ్మంది, అంతే. ఆ గొంతు అతనికి నచ్చలేదు.

"సోడ తాగి పోత," అని లేచాడు.

సంఘం ఆఫీసు పైఅంతస్తులో ఉంది, కింద సాంచాల షెడ్డు. మెట్ల మీద రెండుచోట్ల ఆగాడు.

మమతారాణి కళ్లు ఉబ్బి ఉన్నాయి. తెర నిండా అర్థంకాని గుర్తులు. కొక్కేలు, చుక్కలు, మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు. అది సంఘం సభ్యుల జాబితా. రెండు వందల పన్నెండు మంది పేర్లు, వయసులు. బీమా కట్టించడానికి ఆ సాయంత్రం అయిదింటికి జిల్లా ఆఫీసు మనిషి వచ్చి తీసుకుపోవాలి. పేరు లేనివాళ్లకు ఈ ఏడాది బీమా లేదు. కాగితపు రిజిస్టరు ఎప్పుడో చెదలు తినేశాయి.

అంబదాస్ లినక్స్ పెట్టి పోయిన మర్నాడే ఆమె ఇది చూసింది. జాబితా పాడైపోయిందనుకుంది. ఎవరికీ చెప్పకుండా తొమ్మిది రోజులు ఆఫీసు కాగానే షెడ్డు షెడ్డుకూ తిరిగి, సాంచాల చప్పుడులో అరిచి అరిచి పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకుంది. అరవై ఒక్క పేర్లయ్యాయి.

"నాకెందుకు జెప్పలే బిడ్డా?"

"గీ లినక్స్ వద్దని అధ్యక్షుడు మొదలే అన్నడు కాకా. నేనే పట్టుబట్టి పెట్టిచ్చిన. చెప్తె నిన్ను నలుగుట్ల అంటడు. ఎట్లన్న నన్ను తీసేస్తరు, నీకెందుకు మాటని."

అంబదాస్ తెర మీది గుర్తులను ఒక్కో వరుసే చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాది. గీ పేర్లు ఏ అక్షరాలతోని కొట్టినవో అప్పుడే అడగాలె, అడగలే. నీ పేర్లు యాడికి పోలే బిడ్డా. అన్ని గండ్లనే ఉన్నయి. గా పాత తెలుగు అక్షరాలు గీ కొత్తదాంట్ల లేవు, గంతే. అవి తెచ్చి పెడితె లేచి కూసుంటయి."

ఆమె నమ్మలేదు. అయినా బీరువా అంతా వెతికి ఆ పాత తెలుగు ఫాంట్ల సీడీ పట్టుకొచ్చింది. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. అంబదాస్ కుడిచేయి మౌసు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"నువ్వే చెయ్యరాదు కాకా. నా చేతులు వణుకుతున్నయి."

"వణుకనీ. రేపు ఇంకోటి పోతె మల్ల తొమ్మిది దినాలు తిరుగుతవా?"

ఆమె సీడీ పెట్టింది. అతను చెప్పినచోట తెరిచింది. ఒక్కో అక్షరాల ఫైలు మీద రెండుసార్లు నొక్కి, పక్కన వచ్చిన మీట నొక్కింది. ఒకసారి దారి తప్పి వేరే కిటికీలోకి పోయింది. ఆమె తనే వెనక్కి వచ్చేదాకా అతను ఆగాడు. చివరికి జాబితా మూసి, మళ్లీ తెరవమన్నాడు.

మొదటి వరుసలో 'సామల బుచ్చవ్వ' అని ఉంది.

మమతారాణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక ప్రతి ప్రింటు తీసి అతనికిచ్చింది. ఎక్కడన్నా ఒక అక్షరం విరిగిందేమో పేరు పేరూ చూద్దామన్నాడు. ఆమె తెర మీద చదవాలి, అతను కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెట్టాలి. కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని ఒరిగి, కాగితాలు అట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. కింద షెడ్డులో సాంచాలు ఆడుతున్నాయి.

అతనికి ఆ పేర్లన్నీ మనుషులే. ఒకరి మగ్గానికి బెల్టు వేయించాడు, ఒకరి పెళ్లిలో వడ్డించాడు. నలభయ్యో పేరు దగ్గర ఆపాడు.

"దూస రాములు పోయిండు, మొన్న శ్రావణంల. తీసెయ్యి. గాయిన పెండ్లాం బాలవ్వ ఇంక నేస్తనే ఉన్నది, ఆమెను రాయి."

ఆమె రాసింది. నూరు దాటాయి. ఆమె గొంతు కుదుటపడింది, వేగం పెరిగింది. పేరు చదవడం, వెనక పెన్సిలు గీసిన చిన్న చప్పుడు, మళ్లీ పేరు. అలా పోతూ పోతూ ఒకచోట ఆగి, వేముల చంద్రవ్వకు యాభై రెండని ఉంది, నిజమేనా కాకా అని అడిగింది. జవాబు రాలేదు. ఆ చిన్న చప్పుడు వినబడక కొన్ని పేర్లయిందని అప్పుడు తట్టింది.

తిరిగి చూసింది. అంబదాస్ తల గోడకు ఆని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నిద్రపోయాడనుకుని రెండుసార్లు పిలిచింది, భుజం పట్టుకుని చూసింది, మెట్ల వైపు పరుగెత్తింది.

కింద సాంచాలు ఒక్కొక్కటిగా ఆగాయి. నలుగురు వచ్చి ఆటోలో ఎక్కించారు. దవాఖానా దాకా పోయేలోపే అయిపోయిందని ఒకరు తిరిగి వచ్చి చెప్పారు. శంకరవ్వకు కబురు చేయడానికి ఇద్దరు మోపెడ్ తోసుకుంటూ పోయారు.

అయిదింటికి జిల్లా ఆఫీసు మనిషి వచ్చి సంగతి విని గుమ్మంలోనే నిలబడ్డాడు. రేపు వస్తానన్నాడు. మమతారాణి వద్దంది. మిగిలిన పేర్లు తనే చదువుకుని, జాబితా మళ్లీ ప్రింటుకు పెట్టింది. మధ్యలో ప్రింటరు ఆగిపోయింది. మూత తెరిచి నలిగిన కాగితం లాగి, ఏ మీట నొక్కాలో వెతికి నొక్కింది. రెండు వందల పన్నెండు పేర్లూ సంచిలో పెట్టుకుని ఆ మనిషి వెళ్లాడు.

ఆమె దీపం ఆర్పబోతూ చూసింది. ముందు తీసిన ప్రతి కుర్చీ మీదనే ఉంది. నూట నలభై మూడో పేరు దాకా పెన్సిలు టిక్కులు వరుసగా, ఒకే కొలతలో ఉన్నాయి. నూట నలభై మూడో టిక్కు తోక మాత్రం ఆగలేదు, కింది రెండు పేర్ల మీదుగా సన్నగా జారి కాగితం అంచు దాకా పోయింది.